అడవిలో కొట్టం ఎవరిది?

గండికోట లోయ అంచున ఒక రాత్రి గడపాలనుకునే మామూలు మనిషికి ఇవాళ కనిపించేవి పర్యాటక శాఖ వారి హరిత హోటలు, అద్దెకిచ్చే గుడారాలు. 2023 జులైలో అక్కడే ఒక పెద్ద నక్షత్రాల హోటలుకు శంకుస్థాపన జరిగింది. 2024 చివర్లో కేంద్ర ప్రభుత్వం గండికోట అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సంతోషమే. కానీ జమ్మలమడుగులో చదువుకునే ఒక పేద పిల్లవాడు తన ఊరి లోయలో, తన పెన్న ఒడ్డున, తన జేబుకు తగ్గ ఖర్చుతో ఒక రాత్రి పడుకోగలడా అన్న ప్రశ్న ఈ లెక్కల్లో ఎక్కడా లేదు.

మైలవరం డ్యాం దగ్గర ఈ ప్రశ్న మీద వాదించుకున్న ఇద్దరూ నాకు బాగా తెలిసినవాళ్లు. ఆయన అటవీ శాఖలో చిన్న ఉద్యోగంలో చేరి, నల్లమలలోనూ లంకమలలోనూ పనిచేసి రిటైరయ్యారు. ఆమె ఆయన మేనకోడలు. ప్రొద్దుటూరులో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతుంది, సెలవు దొరికితే కొండలెక్కుతుంది. ఇద్దరికీ అడవంటే ప్రాణం. వాదన అంత గట్టిగా సాగింది అందుకేనని నా నమ్మకం.

కోడలు: మామా, నేనడిగేది చాలా చిన్నది. నాపరాతి గోడలు, పైన చౌడుమన్ను మిద్దె, లోపల ఏడెనిమిది మంది పడుకునేంత అరుగు, మూలన ఒక పొయ్యి, కాస్త ఎడంగా మరుగుదొడ్డి. కరెంటు వద్దు, ఏసీ వద్దు, వంటమనిషీ వద్దు. దుప్పటి, బియ్యం, నీళ్లు వచ్చినవాళ్లే మోసుకొస్తారు. ముందుగా పేరు రాయించుకున్న ఎవరికైనా సరే, బస్సు టికెట్టు అంత రుసుముకే ఇవ్వాలి. రిజర్వాయరు పైన ఈ ఎర్రమల కొండల్లో అట్లాంటిది ఒక్కటి కట్టమంటే గొంతెమ్మ కోరికా?

మామ: కట్టేది కష్టం కాదు తల్లీ. కట్టిన ఏడాదికి పోయి చూడు. తలుపు ఉండదు, చెక్కలు పొయ్యిలోకి పోయుంటాయి. అరుగు మీద పగిలిన సీసాలు, గోడల నిండా బొగ్గుతో రాసిన పేర్లు, మూలన ఎంగిలి పొట్లాలు. ఆ పొట్లాల వాసనకు ఎలుగుబంటి ఒకసారి వచ్చిందంటే మళ్లీ మళ్లీ వస్తాది. అప్పుడు తప్పు ఎలుగుబంటి మీదికి పోతాది. మనిషి లేని కొట్టం అడవిలో ఎట్లయితాదో నేను కండ్లారా చూసినోణ్ణి.

కోడలు: మనిషి లేకుండానే నడుస్తున్నవి ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి మామా. న్యూజిలాండులో కొండల మీద, అడవుల్లో ప్రభుత్వం చూసుకునే గుడిసెలు 950కి పైనే. చాలావాటికి తాళమే ఉండదు. లోపలికొచ్చిన ప్రతివాడూ అక్కడున్న పుస్తకంలో పేరు, ఎటు నుంచి వచ్చాడు, ఎటు పోతున్నాడు అన్నది రాస్తాడు. మనిషి తప్పిపోతే వెదికేవాళ్లకు మొదటి ఆధారం ఆ పుస్తకమే. నార్వేలో 1868లో పుట్టిన ఒక నడక సంఘం కొండ ఇళ్లను నడుపుతోంది. సభ్యులందరి దగ్గరా ఒకే రకం తాళంచెవి. అల్మరాలో సరుకులుంటాయి, వాడుకున్నదానికి లెక్క రాసి డబ్బు కట్టి పోతారు. అలాస్కా అయితే ఇంకా దూరం. కొన్నిచోట్లకు పడవో, నీళ్ల మీద దిగే చిన్న విమానమో తప్ప దారే లేదు. అక్కడి అటవీ శాఖ చెక్క మంచాలు, ఒక పొయ్యి, ఒక బల్ల ఉన్న గదిని రాత్రికింతని అద్దెకిస్తుంది. వెళ్లేటప్పుడు నేల ఊడ్చి, తర్వాత వచ్చేవాళ్ల కోసం కట్టెలు చీల్చి పెట్టి రావాలి. అంతే నిబంధన.

మామ: ఆ కట్టెలు చీల్చిపెట్టే మాట బాగుండాది. ఆ మాట నాకు నచ్చింది. కానీ అలాస్కాలో మైళ్లకు మైళ్లు మనిషి ఉండడు. మన అడవి అట్ల కాదు. నల్లమలలో చెంచులుండారు. ఈ ఎర్రమలలో మందలు తోలుకొనిపోయే గొర్రెలోళ్లుండారు. నువ్వు ఎవరూ లేని చోటంటాండావే, అది ఎవరో ఒకరి మేత బీడు, ఎవరో ఒకరి తేనె చెట్టు. గొర్రెలాయన గొంగడి కప్పుకోని బండ మీద పడుకుంటాడు. ఆయనకు నీ కొట్టం అక్కరల్యా. ఆయన పడుకునే చోట నువ్వు కొట్టం కట్టి, పేరు రాయించుకున్నోళ్లకే లోపలికి రానిస్తామని బోర్డు పెడితే, వానొచ్చిన రాత్రి ఆయన యాడికి పోవాల?

కోడలు: మామా, వానొచ్చిన రాత్రి ఎవరొచ్చినా చోటివ్వాలన్నదే అసలు మొదటి నిబంధన కావాలి. పాత ట్రావెలర్స్ బంగళాలకు కూడా ఒక మంచి నియమం ఉండేది కదా. ఒక రోజు దాటి ఉన్నవాడు, కొత్తగా వచ్చినవాడికి చోటు లేకపోతే ఖాళీ చేసి పోవాల్సిందే.

మామ: ఉండేది. ఎవరికి? కంపెనీ వాళ్లు బాటల పొడుగునా బంగళాలు కట్టించింది దొరలు దిగేదానికి. మన జనం దిగింది సత్రాల్లో, గుడి మంటపాల్లో, చింతచెట్ల కింద. దొరలు పోయినాంక ఆ బంగళాలు మన ఆఫీసర్లకు వచ్చినాయి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు రెస్ట్‌హౌసులో దిగే ఆఫీసరుకు వేన్నీళ్లు కాచేది, లాంతరు తుడిచేది మా పనే. మందపాటి గోడలు, ఎత్తైన కప్పు, చుట్టూ వరండా. ఎండాకాలం మధ్యాన్నం లోపల ఎంత చల్లగా ఉండేదో. ఆ అడవిలో పుట్టినోడు ఒక్కడన్నా ఆ మంచం మీద పండుకోంగ నేను చూడల్యా.

(ఇక్కడ ఆయన గొంతు మారింది. నా అభిప్రాయంలో ఆయన వాదనకు ఎదురుపోయే సాక్ష్యం ఆయన నోటి నుంచే వచ్చింది. కోడలు వదిలిపెట్టలేదు.)

కోడలు: నా కోపం కూడా దాని మీదే! ఒకసారి ఒక ప్రాజెక్టు దగ్గర చీకటి పడితే, గెస్ట్‌హౌసులో ఒక గది ఇమ్మని అడిగాను. అన్ని గదులకూ తాళాలే, మనిషన్నవాడు లేడు. అయినా ఆఫీసర్లకు తప్ప ఇవ్వకూడదన్నారు. ప్రజల డబ్బుతో కట్టిన కప్పు కింద ప్రజలకు చోటు లేదు. ఇటు చూస్తే ఖరీదైన హోటళ్లు. నడుమ ఏమీ లేదు. అందుకే పిల్లలు లోయ అంచున గుడారాలేసుకుంటున్నారు, పాటలు పెట్టుకుంటున్నారు, ఏది ఎక్కడ పారేయాలో తెలియక అక్కడే పారేస్తున్నారు. మీరు చెప్పిన సీసాలు ఇప్పుడు లేవా? కొట్టం కట్టకముందే ఉన్నాయి.

మామ: ఉండాయి. కాదన్ల్యా.

కోడలు: మనకీ ఒకప్పుడు ఇది తెలిసిన విద్యే మామా. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి మన కడప మీదుగానే పోయారు. అహోబిలం చూసి, ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటి శ్రీశైలం ఎక్కారు. ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఎక్కడ సత్రముంది, ఎక్కడ బియ్యం పప్పులు దొరుకుతాయి అన్నది వరసగా రాసుకుంటూ పోయారు. ఆ పుస్తకం చదివితే నాకు తోచింది ఒకటే. అడవి దారిలో తల దాచుకునే చోటు ఉండడం అప్పటి సమాజం తన బాధ్యత అనుకుంది. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి టికెట్లు పెట్టి కట్టించాడా?

మామ: వీరాస్వామయ్య పల్లకీతో, డేరాలతో, పరివారంతో పోయిన పెద్దమనిషి. ఆయన్ని నీ పేద పిల్లోడితో కలపద్దు. అయినా ఆ దారి సంగతి నాకన్నా నీకు ఎక్కువ తెలీదులే. ఆయన పెద్దచెరువని రాసిందే ఇప్పటి పెచ్చెరువు. నేను అక్కడ పనిచేసినా. ఇప్పటికీ శివరాత్రికి మనోళ్లు, ఉగాదికి కన్నడ భక్తులు ఆ దారినే కాలినడకన పోతారు. వేలమంది. చెరువు గట్టున, చెట్ల కింద పడుకుంటారు. దాతలు అన్నం పెడతారు, మజ్జిగ పోస్తారు. పండగ పోయినాంక అడవి మళ్లీ అడవే. ఆ వేలమందికి ఒక్క గోడ కట్టల్యా చూడు. ఏడాదిలో కొన్ని రోజులు తెరిచి, మిగతా రోజులు మూసేసే దారి అది. అట్ల ఉంది కాబట్టే పులి ఉండాది.

కోడలు: మరి పెచ్చెరువులో, బైర్లూటిలో మీ శాఖే జంగిల్ క్యాంపులు పెట్టింది కదా?

మామ: పెట్టింది. దాన్ని నేను మెచ్చుకుంటా. ఎందుకో విను. పెచ్చెరువుకు నీ కారు రాదు, శాఖ జీపులోనే పోవాల. అక్కడ ఉండేది చెంచు గూడెం. నీళ్లిచ్చేది, దారి చూపేది, రాత్రి కాపలా ఉండేది వాళ్లే. బయటినుంచి వచ్చినోడు చెరువు దగ్గరికి ఏ పొద్దులో పోవాల, ఏ పొద్దులో పోకూడదో చెప్పేది వాళ్లే. జులై నుంచి సెప్టెంబరు దాకా వానాకాలంలో పూర్తిగా మూసేస్తారు. 2012లో సుప్రీంకోర్టు పులుల అడవుల్లో లోపలి భాగంలోకి టూరిస్టులనే పోనీయకుండా కొన్ని నెలలు ఆపేసింది. తర్వాత నియమాలు పెట్టి ఒప్పుకుంది. లోపలి అడవిలో కొత్తగా కట్టడాలు కట్టొద్దన్నది వాటిలో ముఖ్యమైనది. మనిషి చేతిలో ఉన్న కొట్టం నిలబడతాది పాపా. పుస్తకం చేతిలో పెట్టిన కొట్టం నిలబడదు.

కోడలు: క్యాంపు మంచిదే, కానీ అక్కడ ఒక రాత్రికి ఖర్చు వేలల్లో. మా కాలేజీలో పిల్లలు నెలంతా తిరిగే బస్సు పాసుకే వెనకాముందాడుతారు. నల్లమల అంచున పుట్టిన పిల్లకు నల్లమలలో రాత్రి ఎట్లుంటుందో తెలియదు. హైదరాబాదు, బెంగుళూరు వాళ్లకు తెలుసు. ఇది మీకు న్యాయంగా ఉందా?

(మామ వెంటనే జవాబు చెప్పలేదు. చెనిక్కాయల పొట్లంలోంచి కొన్ని తీసి ఆమెకిచ్చి, తొక్కలు మాత్రం తన జేబులో వేసుకున్నారు. ఆ అలవాటు వాచ్‌మన్లు లేని చోట్ల తిరిగిన మనిషిదని నాకనిపించింది.)

మామ: న్యాయం కాదు. కానీ చవక చేస్తే జనం పెరుగుతారు, పెరిగితే అడవి నలుగుతాది. రెండూ నిజాలే, ఏం చేస్తావు?

కోడలు: చోటును పెంచకండి, ధరను తగ్గించండి. ఏడెనిమిది మందికే చోటు. డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకే వరస. ముందు అడిగినవాడికి ముందు. దీంతో అడవి మీద భారం ఒక్క మనిషి కూడా పెరగదు. ఇప్పుడు డబ్బు కాపలా కాస్తున్న గుమ్మం దగ్గర అప్పుడు వరస కాపలా కాస్తుంది. ఇంకొకటి, నేనడిగేది పులుల అడవి నడుమ కాదు. అంచున. చిట్టడవిలో, ముళ్లపొదల్లో, ఎవరికీ పనికిరాని చోట.

మామ: చూసినావా, అక్కడే పొరపాటు! ముళ్లపొదలంటే ఎవరికీ పనికిరాని జాగా అనుకుంటాండావు. కలివికోడి యాడ బతికేది? నడి అడవిలో కాదు, ఆ పలచని ముళ్లపొదల్లోనే. 80 ఏళ్లకు పైగా ఎవరి కంటా పడకపోతే ఇంగ లేదనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పొదల్లో, రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఒక ఊరాయనకు దొరికింది. ఆ చిక్కిన పిట్ట బతకలేదు. కానీ దాని పుణ్యాన లంకమల అభయారణ్యం వచ్చింది. దాని కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చినారు. అది పగలు కనపడదు, రాత్రే తిరుగుతాది. నీ కొట్టంలో లాంతరు, మాటలు, టార్చిలు కూడా రాత్రే. అంచు అనేది ఖాళీ కాదు పాపా. మనకు తెలీనిది అక్కడ ఉండాదని మాత్రమే దాని అర్థం.

(ఈ మాటకు ఆమె దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. కొండకు రోడ్డు వేసేటప్పుడు, లేఅవుట్లకు పొదలు కొట్టేసేటప్పుడు, మేతకు పనికొచ్చే బీళ్లను పారిశ్రామిక వాడలకు రాసిచ్చేటప్పుడు మనమంతా ఆమెలాగే అనుకుంటాం. ముళ్లకంపే కదా, పోతే పోయింది అని.)

కోడలు: సరే మామా, చిట్టడవిని వదిలేస్తాను. లంకమలను వదిలేస్తాను. మరి గండికోట? అక్కడ వందల ఏళ్లుగా మనుషులున్నారు. కోట, మాధవరాయ గుడి, రంగనాథుని గుడి, జామియా మసీదు, ధాన్యాగారం. 1652లో ఫ్రాన్సు నుంచి వచ్చిన తావెర్నియే అనే నగల వర్తకుడు గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లాను వెదుక్కుంటూ ఆ కోటకే వచ్చాడు. ఊరు ఇప్పటికీ కోటలోనే ఉంది. మసీదు దగ్గరి పాత ధాన్యాగారాన్ని ఒకప్పుడు బాటసారుల బంగళాగా వాడేవారని కూడా అంటారు. అక్కడ ఒక రాత్రి ఉండడం ఏ పిట్టకూ అడ్డం కాదు.

మామ: గండికోటలో అయితే నాకు అంత అభ్యంతరం ల్యా. కానీ ఒకటి మర్చిపోవద్దు. ఆ లోయలో నిలబెట్టిన నీళ్ల కింద ఊర్లుండాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ చేసిపోయినోళ్ల సామాన్లు ట్రాక్టర్లలో పోతాంటే చూసినా. ఇండ్లు పోయినోళ్ల కండ్ల ముందర మనం సరదాకు ఒక రాత్రి ఇల్లు కట్టుకుంటాండాం. కట్టేదుంటే ఆ ఊర్ల పిల్లలకు అక్కడ పని ఉండాల. తాళంచెవి వాళ్ల చేతిలో ఉండాల. నాపరాయి పరిచేదీ వాళ్లే, చౌడుమన్ను తొక్కేదీ వాళ్లే. ఇంగ ఆడపిల్లలు ఒంటరిగా వస్తే? దానికేం చెప్తావు?

కోడలు: శివరాత్రికి పెచ్చెరువులో ఆడవాళ్లు పడుకోవడం లేదా?

మామ: వేలమంది నడుమ పడుకుంటాండారు. అది వేరే.

కోడలు: వేరేనే. అందుకే తాళంచెవి పట్టుకునే మనిషి ఆ ఊరి ఆడమనిషి కావాలంటాను. మీరు మనిషి ఉండాలన్నారు. ఆ మనిషి ఎవరో నేను చెబుతున్నాను. ఒక పొదుపు సంఘానికి ఇవ్వండి. సాయంత్రం వచ్చి పేర్లు రాసుకుని, కట్టెలు లెక్కపెట్టి, పొద్దున వచ్చి అరుగు చూసుకుని తర్వాతి వాళ్లకిస్తుంది. రాగి సంగటి, పచ్చడి కావాలంటే వాళ్లే చేసిస్తారు. వద్దంటే మన పొయ్యి మనమే వెలిగించుకుంటాం. పాడుచేసినవాడి పేరు పుస్తకంలో ఉంటుంది, మళ్లీ వాడికి చోటు లేదు.

మామ: అట్లయితే అది నువ్వు మొదట చెప్పిన మనిషి లేని కొట్టం కాదు.

కోడలు: కాదు. మీరు చెప్పిన ఆఫీసర్ల బంగళా కూడా కాదు.

వాళ్ల వాదన అక్కడితో అయిపోయిందనుకోవద్దు. చౌడుమన్ను మిద్దెకు ఏటా మన్ను ఎవరు ఎత్తిపోయాలి, నీళ్లు పెన్న నుంచి మోయాలా ట్యాంకరు తేవాలా, లోయలోకి దిగి ఈతకు పోయేవాళ్లను ఎవరు ఆపుతారు అన్నదాని మీద ఇంకా చాలాసేపు సాగింది. అవన్నీ ఇంజినీర్లూ గ్రామసభా తేల్చుకోగలిగిన విషయాలు.

నా తీర్పు నేను చెబుతాను. లోపలి అడవిలో కొత్తగా ఒక్క రాయి కూడా పేర్చకూడదన్న విషయంలో మామ మాటే నిజం. కలివికోడి తిరిగే పొదల విషయంలోనూ అంతే. కాపాడే మనిషి లేని కట్టడం మన దగ్గర నిలవదన్నదీ నిజమే. మన జనం చెడ్డవాళ్లని కాదు, ఇన్నాళ్లూ ఆ గుమ్మాలు వాళ్లవి అని ఎవరూ చెప్పలేదు గనుక. తనది కాని చోటును ఎవడు ఊడుస్తాడు? అక్కడ కోడలి మాట నూటికి నూరుపాళ్లు నిజం. బంగళాల తాళాలు ముందు తీయాలి. నీటిపారుదల శాఖ, అటవీ శాఖ, రోడ్లు భవనాల శాఖ విశ్రాంతి గృహాల్లో ఒక్కో గది మామూలు ప్రజలకు, మామూలు ధరకు ఇచ్చే ఏర్పాటు రావాలి. ఏ గది ఏ రోజు ఖాళీగా ఉందో అందరికీ కనపడాలి. దీనికి కొత్తగా సిమెంటు బస్తా ఒక్కటి కూడా అక్కర్లేదు.

గండికోటకు వచ్చిన 77.91 కోట్లలో ఒక నాపరాతి మిద్దె ఖర్చు లెక్కలోకే రాదు. ముంపు గ్రామాల ఆడవాళ్ల సంఘం చేతిలో తాళంచెవి ఉండే ఆ మిద్దెను, కాలేజీ పిల్లలు భరించగలిగే ధరకు ఇచ్చే ఏర్పాటును ఆ పనుల జాబితాలో చేర్చమని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు, చదువుకునేవాళ్లు ఈ మాట మీద కలెక్టరు గారికి తలా ఒక అర్జీ రాయండి.